పెద్దమ్మ కత్తిపీట, పైడమ్మ పడవ

నేను ఒక అబద్ధం చెప్పి చేపల పులుసు తిన్నాను. ఇలా ఒక్క ముక్కలో రాస్తే, ఇన్నేళ్ళు దాచుకోవడానికి ఇందులో ఏముందని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో నాకూ అలాగే అనిపించింది. చేప కోసం ఒక్క అబద్ధమైనా ఆడని మనిషి మా వైపు పుట్టి ఉండడు. కానీ ఆ అబద్ధం ఎవరితో ఆడానో, ఎవరి గురించి ఆడానో, ఆడిన తర్వాత పదకొండు రోజులు ఎలా గడిపానో ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఈ కథ వేరే రకంగా స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలోనూ బారసాలల్లోనూ మా చెల్లి దాన్ని అభినయంతో సహా చెప్పి అందర్నీ నవ్విస్తుంటే, నేను పక్కనే కూర్చుని, నా వంతు వచ్చినచోట తలాడించేవాణ్ణి. చెల్లి చెప్పే కథలో నేను చాలా మంచివాణ్ణి. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు మన జేబులో తిరిగేది కాదు. అది ఉన్నచోటికి మనమే వెళ్ళి, కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడి, చూసి రావాలి. నాకు ఇరవైమూడేళ్ళు. శ్రీకాకుళం నుంచి డిప్లొమా కాగితాలు పట్టుకుని టాటానగర్‌లో రైలు దిగి, బాగ్‌బేరాలో పెద్దమ్మగారింట్లో (మా అమ్మకి సొంత అక్క) మకాం పెట్టాను. పెద్దనాన్న గూడ్సు బళ్ళకి గార్డు. రెండు గదుల రైల్వే క్వార్టరు. వెనక తలుపు తీస్తే యార్డు, వ్యాగన్లు. వాళ్ళమ్మాయి, అదే మా చెల్లి, అప్పుడు ఇంటరు చదివేది. పెద్దమ్మ తెలుగులో ఒకటంటే అది హిందీలో రెండనేది, ఆ సంభాషణలో ఇద్దరికీ ఏ లోటూ ఉండేది కాదు. నేను గోవింద్‌పూర్ పక్కన ట్రక్కుల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో డ్రాయింగ్ సెక్షన్ ట్రైనీని. సెక్షన్ మొత్తానికి ఇంటర్నెట్టు ఉన్న కంప్యూటరు ఒక్కటే, అది మేనేజరుగారిది. ఆయన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూశాక కుర్చీ వెనక్కి వాల్చి అరగంట కళ్ళు మూసుకునేవారు. ఆ అరగంటా కంప్యూటరు నాది.

ఒకరోజు ఇంకేదో వెతుకుతుంటే (ఏం వెతుకుతున్నానో ఇక్కడ అనవసరం) తెర నిండా నీలంగా ఒక పటం తెరుచుకుంది. దాని మీద రంగురంగుల చుక్కలు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క తెరచాప పడవ, ఒక్కొక్క పడవలో ఒక్కరే మనిషి. ఫ్రాన్సు ఒడ్డున బయల్దేరి, ఆఫ్రికా కొన కిందనుంచీ, ఆస్ట్రేలియా కిందనుంచీ, దక్షిణ అమెరికా కొన కిందనుంచీ భూమిని చుట్టి మళ్ళీ అదే ఒడ్డుకి రావాలి. మధ్యలో దిగకూడదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. మూడు నెలల పైమాటే. మిగతా చుక్కలన్నీ గుంపుగా ముందు పోతుంటే, వాటి వెనక ఒక ఆకుపచ్చ చుక్క ఉంది. దాని మీద నొక్కితే ఫొటో వచ్చింది. ముప్ఫైయేళ్ళ ఆడమనిషి, ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి, నవ్వుతోంది. మేనేజరుగారి గురక ఆగేదాకా ఆ ముఖమే చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం అన్నాలు తింటూ, ముగ్గురినీ ఆశ్చర్యపెడదామని, "పెద్దమ్మా, ఒక ఆడమనిసి ఒక్కర్తీ పడవేసుకోని భూమి సుట్టూ తిరిగొత్తంది. మజ్జెలో ఎక్కడా దిగదంట" అన్నాను.

"దిగకపోతే టీ ఎక్కడ తాగుతాది?" అన్నాడు పెద్దనాన్న.

"అకేలీ? పాగల్ హై క్యా?" అంది చెల్లి.

పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఉంచి, "గాలి ఏ పక్కనుంచి?" అంది.

నాకు తెలియదు. నేను చుక్క చూశాను, ముఖం చూశాను, గాలి చూడలేదు. పెద్దమ్మ పుట్టింది సముద్రపొడ్డు పల్లెలో, వేటకి వెళ్ళేవాళ్ళ ఇంట్లో. పెళ్ళయి ఈ ఇనుము ఊరికి వచ్చాక ఆవిడ నోట సముద్రం అన్న మాటే నేను వినలేదు. అలాంటి మనిషి వరసగా అడగడం మొదలుపెట్టింది. తాగే నీళ్ళు ఎక్కడివి? చాప చిరిగితే కుట్టుకోడానికి సూదీ దారం ఉన్నాయా? ఒక్కర్తీ అయితే పడుకోడం ఎలాగ? మర్నాటి మధ్యాహ్నం గురక మొదలవగానే నేను జవాబులు వెతికి సాయంత్రానికి తెచ్చాను. "ఇరవై నిమిసాలు పడుకుంటాదంట, లేచి సుట్టూ సూసుకుంటాదంట, మల్లీ ఇరవై నిమిసాలు" అంటే, "సంటిపిల్ల తల్లి నిద్దరన్నమాట" అంది. ఆ మనిషి పేరు మాత్రం నేను మూడు రకాలుగా పలికినా పెద్దమ్మకి పట్టుబడలేదు. "అదంతా నా నోరు తిరగదు గానీ, పైడమ్మ అనుకుందాం. మా మేనత్త పేరు" అంది. ఆ రోజునుంచీ ఫ్రాన్సులో పుట్టిన ఆ పడవమనిషి మా ఇంట్లో పైడమ్మ అయిపోయింది.

నేను ఆఫీసులో పాడైపోయిన డ్రాయింగు షీటు ఒకటి తెచ్చి, వెనకవైపు ప్రపంచ పటం గీశాను. (నా ట్రైనీ జీవితంలో నేను గీసినవాటిలో ఎవరూ ఎర్రసిరాతో కొట్టేయనిది అదొక్కటే.) దాన్ని వంటింటి గోడకి అంటించాం. రోజూ సాయంత్రం నేను తెచ్చిన లెక్క ప్రకారం దాని మీద ఒక చుక్క పెట్టేవాణ్ణి. పెద్దమ్మకి అక్షరాలు అంతంతమాత్రం. కానీ చుక్కకీ చుక్కకీ మధ్య వేలెడు ఎడముంటే ఒకలాగ, గోరంతుంటే ఒకలాగ ముఖం పెట్టేది. "ఈయాల గాలి పడిపోనాదిరా గుంటకి" అనేది. (మా వైపు గుంట అంటే పిల్ల.) అలా ఒకరోజు వరసగా మూడు చుక్కలు దగ్గరదగ్గరగా పడితే, "ఇది గాలి కాదు. సాప సగమైపోనాది" అంది. మర్నాడు చూస్తే, పైడమ్మ పడవ స్తంభం పైభాగం విరిగి సముద్రంలో పడిపోయిందనీ, ఉన్న ముక్కకే చిన్న తెరచాప కట్టుకుని వస్తోందనీ రాసి ఉంది. మేనేజరుగారు పక్కనే నిద్రపోతున్నారని కూడా మరిచిపోయి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ వేళ ఇల్లు చేరేదాకా ఆటోలో నాకు కాళ్ళు నిలవలేదు.

అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఒక ఆదివారం పెద్దనాన్న బజారునుంచి మంచి రోహు చేప తెచ్చినప్పుడు వచ్చింది. పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఎనక్కి ఇచ్చీ."

"ఏటి, కుళ్ళిందా? సెవులు సూడు, ఎర్రగున్నాయి."

"కుళ్ళలేదు. మా ఇంట్లో మనిసి దూరం ఏటకెల్తే, ఆ మనిసి ఒడ్డుకొచ్చిందాకా చేపకి కత్తెయ్యం. మనమిక్కడ సముద్రం పిల్లల్ని కోత్తుంటే, అక్కడ నడినీల్లలో అది మన మనిసిని సూత్తా ఊరుకుంటాదా?"

పెద్దనాన్న చేప సంచీ పైకెత్తి పట్టుకున్నాడు. "ఒలే, ఇది చెరువు చేప! సముద్రం దీని మొకం సూడలేదు, ఇది సముద్రం మొకం సూడలేదు. రెండింటికీ సుట్టరికమేటి?"

"నీల్లన్నీ ఎక్కడో ఓ కాడ కలుత్తాయి."

"అసలు పైడమ్మ మనకేటవుద్ది?"

"ఒక్కర్తీ నీల్లమీదుందని తెలిసీసింది కదా. తెలిసేక ఎలా కోత్తాను?"

పెద్దనాన్నకి ఉక్రోషం వచ్చింది. "నానూ రూర్కెలా దాకా బండి సివర బ్రేక్‌వాన్లో ఒక్కణ్ణే ఎల్తన్నాను. నా కోసం ఏనాడైనా చేప మానేసేవా?"

"నీకు ముందొక ఇంజనుంది. ఎవుడో లాగుతాడు, నివ్వు కూకుంటావు" అంది పెద్దమ్మ. ఆ రోహు పక్కింటికి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. శీతాకాలం, చేపకి కొవ్వు పట్టే రోజులు, ఆ రెండు గదుల్లో మాత్రం బంగాళాదుంప, బీరకాయ, బంగాళాదుంప. ఎండుచేపలకి మినహాయింపు ఉంటుందేమోనని పెద్దనాన్న అడిగాడు. "అవి పుట్టుకతోనే ఎండినాయేటి?" అంది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి, రొయ్య శాస్త్రప్రకారం చేప కాదని చెప్పాను. "ఆ మాట సముద్రానికి సెప్పు" అంది. పక్కింటి ఒడియా మాస్టారి భార్య, వీళ్ళేదో దీక్ష పుచ్చుకున్నారనుకుని, గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. పెద్దనాన్న చక్రధర్‌పూర్‌లో ఎవరింట్లోనో దొంగతనంగా చేపల వేపుడు తిని, చెయ్యి బాగా కడుక్కుని, తడి చేతిని తన పచ్చజెండాకి తుడుచుకుని ఇంటికి వచ్చాడు. జెండాలు ఉతకడానికి తీసిన పెద్దమ్మ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, "లైన్ కిలియరు జెండాకి వేపుడు వాసనేటయ్యా?" అని అడిగింది. ఆయన నాలుగు రోజులు మాకెవరికీ ఎదురుపడలేదు. అప్పటినుంచీ ఇంట్లో అడుగుపెడుతూనే నన్ను అడిగే మాట ఒక్కటే: "నీ పైడమ్మ రన్నింగ్ ఏటిరా? ముందు పడవలన్నింటికీ దారిచ్చి దీన్ని లూప్ లైన్లో ఎట్టీసినట్టున్నారు!"

ఆయన విసుగులో న్యాయం ఉంది. ముందు పడవలు ఒక్కొక్కటే చేరిపోయాయి. గెలిచినవాడికి దండలు పడ్డాయి, ఫొటోలు పడ్డాయి. వెబ్‌సైటులో సందడి తగ్గిపోయింది. సగం తెరచాపతో పైడమ్మ మాత్రం ఆ నీలంలో అలా పాకుతూనే ఉంది. పెద్దమ్మకి గెలవడం గురించి ఆసక్తి ఏ రోజూ లేదు. సాయంత్రం గిన్నెలు తోముకున్నాక వెనక తలుపు తీసి నిలబడేది. ఒకరోజు నన్ను పిలిచి, "బొమ్మలు గీత్తావు కదా, ఇక్కడినుంచి సముద్రం ఏ పక్కో సెప్పగలవా?" అంది. నేను మనసులో పటం వేసుకుని, ఆగ్నేయంగా, బొగ్గు వ్యాగన్లు నిలబెట్టే వైపు వేలు చూపించాను. "అటా? ఇన్నాల్లూ నాను ఇటనుకుంటన్నాను" అంది. ముప్ఫైయేళ్ళుగా తప్పు దిక్కుకి చూశానన్న మాట ఆవిడ అంత మామూలుగా అనేసింది. ఆ రోజునుంచీ బొగ్గు వ్యాగన్ల వైపు తిరిగి నిలబడేది. "ఇక్కడ గాలికి ఇనప వాసనరా. ఎంత పీల్సినా ఉప్పు తగల్దు" అనేది.

ఈలోగా మేనేజరుగారు ఒక మధ్యాహ్నం అనుకున్నదానికంటే ముందే కళ్ళు తెరిచారు. తన కంప్యూటరు తెర మీద అట్లాంటిక్ మహాసముద్రాన్నీ, ముందు నన్నూ చూశారు. కంప్యూటరుకి తాళం పడింది. అప్పటినుంచీ నేను డ్యూటీ దిగాక బర్మామైన్స్‌లో ఒక సైబర్ కేఫ్‌కి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ గేములాడేవాళ్ళు లేస్తేగాని కుర్చీ దొరకదు, దొరికితే లైను దొరకదు. నేను రోజు విడిచి రోజు వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళని రోజు చుక్కని, నిన్నటి చుక్కని బట్టి ఊహించి, స్కేలు పెట్టి గోడ మీద పెట్టేసేవాణ్ణి. (అంచనాతో గీయడం మా వృత్తిలో తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను.) ఆ చుక్కలకి కూడా పెద్దమ్మ అంతే శ్రద్ధగా గాలి లెక్క కట్టేది. అక్కడే నాకు సిగ్గు వేసి ఉండవలసింది.

అప్పుడు వచ్చింది థర్మోకోల్ పెట్టె. పెద్దమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఊళ్ళో పడవ మీద పడిన పెద్ద వంజరం చేపని ఐసులో పెట్టి, అటునుంచి వచ్చే గార్డు స్నేహితుడి చేతికిచ్చి పంపాడు. శనివారం పొద్దున్న పెద్దనాన్న ఆ పెట్టెని రెండు చేతులా మోసుకొచ్చి వరండాలో దించాడు. పెట్టె అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దమ్మ మూత తియ్యలేదు. పెట్టె పక్కన చతికిలబడి, కారిన నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపటికి లేచి, "ఎవులికైనా ఇచ్చీండి. పాడైపోతాది" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దనాన్న నన్ను సందు చివరిదాకా నడిపించాడు.

"ఒరే, ఇది రోహు కాదు."

"తెల్సు పెద్దనాన్నా."

"మీ పెద్దమ్మ పుట్టింటి వంజరం. ఒడియా మాస్టారింటికి ఎల్లిపోతాది. వాల్లు ఆవపిండెట్టి వండుతారు." ఆయన ఇంటి వైపు ఒకసారి తిరిగి చూసుకున్నాడు. "నాకోసం కాదురా. అది నీల్లు నాకింది, నివ్వు సూసేవు. ఇంటర్నెట్టు నీ సేతిలోనే ఉంది కదా. ఓపాలి ఎల్లి సూసిరా. వచ్చీసిందేమో."

నేను బర్మామైన్స్ వెళ్ళాను. ఇక్కడ మా చెల్లి చెప్పే కథకీ నిజానికీ దారులు విడిపోతాయి. కుర్చీ దొరికింది. లైను దొరికింది. పటం తెరుచుకుంది. ఆకుపచ్చ చుక్క ఒడ్డుకి చాలా దూరంలో ఉంది. రోజుకి అది ఎంత జరుగుతోందో నాకు బాగా తెలుసు కాబట్టి, వేళ్ళమీద కొలిచి చూసుకున్నాను. ఇంకా పది, పదకొండు రోజులు. ఐసు రేపటిదాకా కూడా ఆగదు. నేను బయటికి వచ్చి, రోడ్డు పక్కన నిలబడి, నిజంగానే వంజరం ముక్క వాసన తలుచుకున్నాను. పెద్దమ్మ కోసం చేశానని ఇన్నేళ్ళలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అందులో కొంత నిజం. ఎక్కువ పాలు మాత్రం నా నాలికదే.

సందు మొదట్లోనుంచే పరుగు అందుకున్నాను, వగరుస్తూ చేరితే నమ్మకంగా ఉంటుందని. "వచ్చీసింది పెద్దమ్మా! పైడమ్మ ఒడ్డుకొచ్చీసింది!"

పెద్దమ్మ చేతిలో చేట కింద పడింది. "ఓలమ్మో, వచ్చీసిందేటి! బాగుందా? దెబ్బలేటైనా తగిలినాయా? ఒడ్డునెవులున్నారు?" నేను చెప్పుకుంటూ పోయాను. వందలమంది వచ్చారన్నాను. పూలు చల్లారన్నాను. దిగగానే వంగి నేలకి ముద్దు పెట్టిందన్నాను. పెద్దమ్మ ఏడుస్తూ నవ్వుతూ కొబ్బరికాయ కొట్టింది. మూలనున్న కత్తిపీట తీసి కడిగి, దానికి పసుపు రాసి, పెట్టె మూత తీసింది. చింతపండు పులుసు, మామూలుగా కంటే కాస్త కారం ఎక్కువ. నా జన్మలో అంత మంచి పులుసు తినలేదు. ఈ మాట కూడా రాయకపోతే ఇది సగం నిజమే అవుతుంది.

నాకు రెండోసారి వడ్డిస్తూ పెద్దమ్మ అంది: "మా నాన్న, మీ తాత, ఆకరిపాలి ఏటకెల్లినప్పుడు నాకు పెల్లై ఇక్కడికొచ్చి రెండు నెల్లు. ఎల్లినట్టు నాకెవులు సెప్తారు? ఆ రోజు మీ పెద్దనాన్న చేప తెత్తే కోసి వండేను. మూడ్రోజులకి తంతొచ్చింది, పడవ రాలేదని. నాను కోసిన రోజే. అప్పుడు సెప్పినోడు లేకపోనాడు గానీ ఈ గుంటకి మాత్రం నివ్వున్నావు. పూర్తిగా వచ్చిందాకా సెప్పేవు." అని తల నిమిరింది.

చేతిలో ఉన్న ముక్కని కంచంలో పెట్టి, అన్నంతో కప్పేశాను.

మర్నాటినుంచీ పెద్దమ్మ రెండున్నర నెలల బాకీ తీర్చడం మొదలుపెట్టింది. ఆదివారం రొయ్యలు, మంగళవారం కవళ్ళు, గురువారం రోహు. పెద్దనాన్న వంటింట్లోనే పీట వేసుకుని కూర్చునేవాడు. నేను తినలేకపోయాను. ఆ ఇంట్లో పైడమ్మ ఇంకా నీళ్ళ మీద ఉందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి పెద్దమ్మ మొక్కు నా మెడకి చుట్టుకుంది. నాకు నమ్మకం లేదు, ఉన్నా రోహుకీ అట్లాంటిక్‌కీ సంబంధం ఉందని ఒప్పుకునేవాణ్ణి కాదు. అయినా చెయ్యి కంచంలోకి వెళ్ళేది కాదు. కడుపులో బాగోలేదన్నాను. చేప వద్దన్న నా ముఖంలోకి పెద్దమ్మ రెండు రోజులు పరకాయించి చూసి, కళ్ళు పచ్చగా ఉన్నాయని తేల్చేసింది. "కామెర్లు!" అని రోజూ పొద్దున్నే నేలఉసిరి పసరు గ్లాసుడు పట్టించింది. వాసన చూస్తేనే దవడలు బిగుసుకునే పసరు. నేను నోరెత్తకుండా తాగాను. సాయంత్రం డ్యూటీ దిగి ఒక్కరోజు కూడా విడవకుండా బర్మామైన్స్ వెళ్ళాను. మధ్యలో రెండు రోజులు చుక్క కదలలేదు. తుఫాను, కబురు అందడం లేదు అని రాశారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో నవ్వుకుంటూ చేపలు కోస్తుంటే, నేను వెనక తలుపు దగ్గర బొగ్గు వ్యాగన్ల వైపు తిరిగి నిలబడ్డాను. చెల్లి వచ్చి, "క్యా దేఖ్ రహే హో, భయ్యా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

పదకొండో రోజు పైడమ్మ చేరింది. ఫొటో ఒక్కటే పెట్టారు. వాన పడుతోంది. ఒడ్డున పదిమందికి మించి లేరు. పూలు లేవు. ఆమె రేవు అంచున, ఊరి వైపు వీపు తిప్పి, విరిగిన స్తంభం వైపు చూస్తూ కూర్చుని ఉంది. నాకు అరవాలనిపించింది. పక్క కుర్చీలో గేమాడుతున్న కుర్రాడి భుజం పట్టుకుని, "ఆ గయీ" అన్నాను. వాడు ఎవరు వచ్చారని కూడా అడగలేదు. ఇంటికి వెళ్ళాక నాకు కామెర్లు తగ్గిపోయాయి. పెద్దమ్మ పసరు గొప్పతనం కాలనీ అంతా పాకింది. గోడ మీద నేను అబద్ధపు చుక్క పెట్టిన పటం, తర్వాత వెల్ల వేసేదాకా అలాగే ఉంది.

ఇరవై ఏళ్ళ పైన అయింది. పెద్దనాన్న పోయి నాలుగేళ్ళు. పెద్దమ్మ గోవింద్‌పూర్‌లో చెల్లి దగ్గరే ఉంటోంది. నాదీ అక్కడే రెండు వీధుల అవతల కాపురం. మొన్న శీతాకాలంలో ఒక ఆదివారం పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళి, కబుర్ల మధ్య, ఇప్పుడు ఆ పందెం ఫోనులోనే కనిపిస్తుందని తెరిచి చూపించాను. శుక్లాలు తీయించుకున్న కళ్ళతో పెద్దమ్మ ఫోనుని దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఎనకాల ఒక్కటే ఉందేటి? అదెవులు?"

"ఇంకో అమ్మాయి, పెద్దమ్మా."

ఆవిడ వెంటనే వంటింటి వైపు తిరిగి, "ఒసే, ఆ చేప కొయ్యకు. ఫ్రిజ్‌లో ఎట్టీ, ఎవులికైనా ఇచ్చీదాం" అని కేకేసింది. తర్వాత నాతో, "నివ్వు రోజూ సెప్తావు కదా? అప్పుడు లాగ?" అంది.

అప్పుడు లాగ అన్న మాట విన్నాక ఇంక నా వల్ల కాలేదు. కేఫ్‌లో చుక్క చూసిన దగ్గర్నుంచీ వానలో ఫొటో దాకా, కిందికి చూస్తూ మొత్తం చెప్పేశాను. చేతిలో కత్తితో వచ్చిన చెల్లి, "సచ్చీ, భయ్యా?" అని నవ్వబోయి, వాళ్ళమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

పెద్దమ్మ వేళ్ళు ముడుస్తూ, "ఆ వంజరం. మర్నాడు రొయ్యలు. మంగలారం కవల్లు" అంది. "పదకొండు రోజులూ కోత్తానే ఉన్నాను. ఆ గుంటకి ఎవులూ లేకపోనారన్నమాట."

"నానున్నాను పెద్దమ్మా. నాను తిన్లేదు."

"కామెర్లన్నావు."

"లేవు."

"నేలుసిరి పసరు తాగించేను కదరా!"

"తాగేను."

"సేదుగా ఉందా?"

"సేదే."

"మంచిపనైంది" అంది. పెదవి చివర ఏదో కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు. "ఆ గుంటకి ఈ తప్పు సెప్పేవా మరి?"

పైడమ్మకి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఫోనులో వెతికితే దొరికింది. పిల్లలకి పడవ నడపడం నేర్పుతోందట, ఉత్తరం రాయడానికి ఒక పేజీ ఉంది. పెద్దమ్మ నిటారుగా కూర్చుని చెప్పింది, నేను నా డ్రాయింగ్ సెక్షన్ ఇంగ్లీషులో రాశాను: "అమ్మా, నివ్వింకా నీల్లమీదుండగానే మేం చేప కోసేం. తెలీక కోసింది నాను. తెలిసి తిన్నోడు ఈడు. నీ సాప సగమైనప్పుడు మాకు తెలిసింది. నివ్వొచ్చినప్పుడు తెలీలేదు. తప్పు మాది." చేప ఎందుకు కోయకూడదో కూడా రాయమంటుందేమోనని చూశాను. అక్కర్లేదంది, సముద్రం మీద తిరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదట. పంపాను. జవాబు వస్తుందో రాదో నాకు తెలియదు.

ఫోను జేబులో పెట్టుకుని లేవబోతుంటే పెద్దమ్మ, "మరి నాకు సెప్పవేటి?" అంది.

నేను చెప్పులు వదిలి, గది మధ్యలో నిలబడ్డాను. జుట్టు సగం పోయి, సెక్షన్‌లో పదిమందికి డ్రాయింగులు దిద్దే మనిషిని, రెండు చెవులూ అడ్డంగా పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాను. చెల్లి హిందీలో లెక్కపెడుతోంది. మూడోదానికి మోకాలు టక్కుమంది, నాలుగోదానికి కింద చతికిలబడి, లేవలేక, ఆవిడ పాదాల దగ్గరనుంచే అన్నాను:

"ఆ గుంట ఇంకా దూరంగా ఉందని నా కల్లతో సూసి కూడా వచ్చీసిందని సెప్పేను పెద్దమ్మా. నీసేత కోయించేను. తప్పైపోనాది."